తాబేలు పిల్లకు ఏ తొట్టి మేలు: గాజు ట్యాంకా, నీలం డ్రమ్మా, కడప బండల తొట్టా?

చేపల షాపులో తాబేలు పిల్లతో పాటు ఒక ప్లాస్టిక్ గిన్నె కూడా అంటగడతారు. జానెడు వెడల్పు, మధ్యలో దిబ్బ, దిబ్బ మీద ప్లాస్టిక్ కొబ్బరి చెట్టు. టీవీ పక్కన పెట్టుకుంటే ముద్దుగానే ఉంటుంది. కానీ అందులో పట్టేది రెండు లీటర్ల నీళ్లు. ఇవాళ రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దగా కనబడే ఆ పిల్ల, ఆడదైతే పది పన్నెండు అంగుళాల దాకా పెరుగుతుంది. బాగా చూసుకుంటే ఇరవై ముప్పై ఏళ్లు బతుకుతుంది. అందుకే ఆ గిన్నెను ఈ పోలికలోకి తీసుకోలేదు. ఊరికే ఇచ్చినా షాపులోనే వదిలేసి రండి.

ముందు ఏ తాబేలో తేల్చుకోవాలి. షాపుల్లో ఎక్కువగా కనబడేది కళ్ల వెనక ఎర్ర చార ఉండే రెడ్ ఇయర్డ్ స్లైడర్. అమెరికాలో మిసిసిపీ నది పారే ప్రాంతం దాని సొంతూరు. ఇక్కడ చెప్పేదంతా దాని గురించే. మన చిత్తూరు వైపు చిట్టడవుల్లో, చేల గట్ల మీద కనబడే నక్షత్ర తాబేలు వేరు. అది నేల మీద తిరిగేది, లోతు నీళ్లలో వేస్తే మునిగి చస్తుంది. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. చెరువుల్లో దొరికే మెత్తటి డిప్ప తాబేలూ అంతే. మొదటి షెడ్యూలు జంతువును పట్టి ఇంట్లో పెట్టుకుంటే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు పడే నేరం. కలిసొస్తుందని ఎవరో చెప్పారని తెచ్చుకుంటే కలిసొచ్చేది కేసే.

వీడియోల్లో ఎలిగేటర్ పిల్లను గాజు ట్యాంకులో పెంచడం చూసి "మనమూ పెంచుకోవచ్చా అన్నా?" అని అడిగే కుర్రాళ్లూ ఉన్నారు. ఎలిగేటర్ కూడా ఆ మిసిసిపీ వైపుదే. పుట్టినప్పుడు జానెడే ఉంటుంది, తర్వాత కొన్నేళ్ల పాటు ఏడాదికి దాదాపు అడుగు చొప్పున పెరుగుతుంది, మగది పది అడుగులు దాటుతుంది. మన దేశంలో ఉన్న మూడు రకాల మొసళ్లూ మొదటి షెడ్యూలులోవే. ఎలిగేటర్ సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉంది. 2022లో మన చట్టాన్ని సవరించాక, ఆ జాబితాలోని విదేశీ జంతువును సరైన కాగితాలు, రిజిస్ట్రేషన్ లేకుండా దగ్గర ఉంచుకోకూడదు. కాగితాల సంగతి పక్కన పెట్టినా, మిద్దె ఇంట్లో పది అడుగుల జంతువుకు తొట్టి కట్టేదెక్కడ? మొసళ్లు చూడాలనిపిస్తే తిరుపతిలోని ఎస్వీ జూ పార్కుకు వెళ్లి రండి, 1987 నుంచీ ఉంది. స్లైడర్ కొన్నా బిల్లు తీసుకోండి. బిల్లు ఇవ్వని చోట కొనకండి.

ఇక తొట్టి. ఏ రకమైనా మూడు పనులు చేయాలి. మొదటిది, చాలినన్ని నీళ్లు పట్టాలి. డిప్ప పొడవు అంగుళానికి సుమారు 40 లీటర్లు అని పెంచేవాళ్లు ఒక లెక్క వేసుకుంటారు. పిల్లకు ఒక యాభై లీటర్లు చాలు, పది అంగుళాల దానికి నాలుగు వందల లీటర్లు కావాలి. లోతు కనీసం డిప్ప పొడవుకు రెండింతలు ఉండాలి. మరీ లోతు తక్కువైతే వెల్లకిలా పడ్డ పిల్ల మళ్లీ తిరగలేక ఇబ్బంది పడుతుంది. రెండోది, పూర్తిగా పొడిగా ఉండే గట్టు. కాళ్లు నీళ్లలో, వీపు ఎండలో ఉంటే సరిపోదు, పొట్ట కింద కూడా ఆరాలి. లేకపోతే డిప్ప మీద కుళ్లు మొదలవుతుంది.

మూడోదే చాలామంది వదిలేసేది. సూర్యకాంతిలో ఉండే యూవీబీ కిరణాలు పడితేనే దాని ఒంట్లో విటమిన్ డీ3 తయారవుతుంది, డీ3 ఉంటేనే తిన్న కాల్షియం ఒంటికి పడుతుంది. అది లేకపోతే ఎన్ని ఎండు రొయ్యలు వేసినా డిప్ప మెత్తబడుతుంది, వంకర తిరుగుతుంది. "మా హాల్లో కిటికీ పక్కన ఎండ బాగా పడుతుంది కదా" అంటారు. కిటికీ అద్దం ఆ కిరణాలను దాదాపుగా ఆపేస్తుంది. వెలుతురు వస్తుంది, వేడి వస్తుంది, కావాల్సింది మాత్రం రాదు.

ఇంకో ముక్క. విదేశీ గైడ్లన్నీ హీటరు తప్పనిసరి అంటాయి. అది వాళ్ల చలికి సరిపోయే మాట. పిల్లకు నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే హాయి. తిరుపతిలో ఏడాదిలో ఎక్కువ నెలలు గదిలో పెట్టిన నీళ్లు ఏమీ చేయకుండానే ఆ దరిదాపుల్లో ఉంటాయి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మాత్రమే కాస్త జాగ్రత్త కావాలి. పలమనేరు, కుప్పం వైపు ఎత్తు ఎక్కువ కాబట్టి చలి ఎక్కువ, అక్కడ హీటరు కొనడంలో అర్థం ఉంది. తిరుపతిలో మన టెన్షనంతా తిరగబడి ఉంటుంది: ఏప్రిల్ నుంచి జూన్ దాకా నీళ్లు ఉడికిపోకుండా చూసుకోవడం. ఎండ 40 దాటే రోజుల్లో ఏ తొట్టి ఎలా ప్రవర్తిస్తుందన్నదే నా లెక్కలో అసలు పోలిక.

గాజు ట్యాంకు

ఇంట్లో అందంగా ఉండేది ఇదే. పిల్ల ఈదడం పక్క నుంచి కనబడుతుంది. తిండి తింటోందా, ఒక పక్కకు ఒరిగి తేలుతోందా, కళ్లు ఉబ్బాయా అన్నది రోజూ కళ్లబడుతుంది. జబ్బును తొందరగా పట్టుకోవడానికి దీన్ని మించింది లేదు. కోతి, కాకి, పిల్లి బెడద ఉండదు.

కానీ గాజు ట్యాంకు అంటే ట్యాంకు ఒక్కటే కాదు. ఇంట్లో ఎండ రాదు కాబట్టి యూవీబీ ట్యూబు కావాలి. గట్టు మీద 32 డిగ్రీల దాకా వేడి రావడానికి ఒక హాలోజన్ బల్బు కావాలి. ట్యూబుకూ గట్టుకూ మధ్య గాజు మూత, ప్లాస్టిక్ షీటు ఉండకూడదు. ఆ ట్యూబు ఏడాది తర్వాత కూడా తెల్లగా వెలుగుతూనే ఉంటుంది, కానీ అందులో యూవీబీ అప్పటికే బాగా తగ్గిపోయి ఉంటుంది. అంటే వెలుగుతున్న ట్యూబునే తీసి పారేసి కొత్తది కొనాలి. ఇది చెబితే ఇంట్లో ఎవరూ నమ్మరు. నీళ్ల మీద వేలాడే బల్బు కాబట్టి గొలుసుతో గట్టిగా కట్టాలి, ఆ లైనుకు ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) పెట్టించమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పాలి.

తర్వాత ఫిల్టరు. తాబేలు చేప కంటే చాలా ఎక్కువ మురికి చేస్తుంది. చేపల ట్యాంకుల లెక్కన అమ్మే ఫిల్టరు చాలదు, మీ నీళ్లకు రెండింతల సామర్థ్యం ఉన్నది కావాలి. బయట పెట్టే క్యానిస్టర్ ఫిల్టరు మంచిది, ఖరీదూ దానికి తగ్గట్టే ఉంటుంది. అన్నీ కలిపితే ట్యాంకు కంటే దాని చుట్టూ పెట్టేవాటికే ఎక్కువ ఖర్చు.

సైజు విషయంలో, నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకు కొన్నారనుకోండి. నిండా పోస్తే 255 లీటర్లు. నీళ్ల బరువే పావు టన్ను. షో కేసు మీద పెట్టే వస్తువు కాదు, ఇనుప స్టాండు కావాలి. అంత పెద్దదైనా పెరిగిన ఆడ తాబేలుకు చాలదు, మగదానికైతే సర్దుకోవచ్చు. పిల్లకు సరిపోతుందని రెండడుగుల ట్యాంకు కొంటే రెండేళ్లు తిరక్కముందే ఇంకోటి కొనాల్సి వస్తుంది.

తిరుపతి బోరు నీళ్లతో ఇంకో చిన్న చికాకు ఉంది. నీటి గీత దగ్గర గాజు మీద తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. అదే తెలుపు తాబేలు ఆరినప్పుడు డిప్ప మీదా మచ్చల్లా కనబడుతుంది. అది ఫంగస్ అనుకుని మందుల షాపుకు పరుగెత్తేవాళ్లున్నారు. తడి చేస్తే మాయమై ఆరితే మళ్లీ కనబడితే అది ఉప్పు, దానితో ప్రమాదం లేదు. తడిపినా పోకుండా మెత్తగా, వాసనగా ఉంటే అది జబ్బు. తిరుపతిలో పశువైద్య కళాశాల ఉంది కదా, అక్కడ చూపించండి.

గాజు ట్యాంకుతో ఎప్పుడూ చేయకూడని పని: ఎండ కోసమని బాల్కనీలో పెట్టడం. నాలుగు పక్కలా గాజు, పైన మూత. మే నెలలో గంట చాలు, లోపలి ప్రాణికి తప్పించుకునే చోటు ఉండదు.

నీలం డ్రమ్ము

రెండు వందల లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము అందరికీ తెలిసిందే. దాన్ని పడుకోబెట్టి కోస్తే తొట్టి అవుతుంది. చాలామంది సరిగ్గా సగానికి కోస్తారు. అలా కోస్తే లోతు అడుగు కంటే తక్కువ, పిల్ల పెరిగేకొద్దీ గోళ్లతో పట్టుకుని ఎక్కి బయట పడుతుంది. పైన మూడో వంతు మాత్రమే తీసేయండి. మిగిలిన మూడింట రెండు వంతులు తొట్టి అవుతుంది, దాని అంచులు లోపలికి వంగి ఉంటాయి. తాబేలు ఎంత ఎగబాకినా ఆ వంపు దగ్గర జారి నీళ్లలో పడుతుంది. కోసిన అంచును ఆకురాయితో రుద్ది, పాత నీళ్ల పైపును నిలువునా చీల్చి తొడిగితే చెయ్యి కోసుకోదు. దొర్లకుండా రెండు పక్కలా ఇటుకలు పెట్టాలి.

డ్రమ్ములో ఇదివరకు ఏముండేదో అడగకుండా కొనొద్దు. యాసిడ్, ఫినాయిల్, పురుగు మందు వచ్చిన డ్రమ్ము ఎంత కడిగినా వద్దు. తినే వస్తువులు వచ్చిన డ్రమ్మునే తీసుకోండి.

గట్టుకు కడప బండ ముక్క ఒకటి చాలు. లోపల రెండు ఇటుకలు నిలబెట్టి, బండను ఒక కొస నీళ్లలోకి దిగేలా ఏటవాలుగా వేయాలి. ఇక్కడ గమనించాల్సింది బండ ఏ వైపు పైకుందన్నది. పాలిష్ వైపు పైకి వేస్తే పిల్ల ముందు కాళ్లు పెడుతుంది, గోళ్లు పట్టు దొరక్క జారుతుంది, మళ్లీ పెడుతుంది, మళ్లీ జారుతుంది. నాలుగైదు సార్లు చూసి మానేస్తుంది. ఇక ఎక్కడం లేదేంటని మనం అనుకుంటాం. గరుకు వైపు పైకి తిప్పితే చాలు, ఎక్కి వెనక కాళ్లు బారజాపి పడుకుంటుంది. ఇటుకలు కదలకుండా చూసుకోవాలి. బండ జారితే పిల్ల కింద ఇరుక్కుని పైకి రాలేదు. తాబేలు నీళ్లలో ఉండే జీవే గానీ ఊపిరి మాత్రం పైకొచ్చే పీల్చాలి.

దీన్ని తూర్పు వైపు బాల్కనీలో పెడితే పొద్దున ఎండ నేరుగా పడుతుంది. యూవీబీ ట్యూబు ఖర్చు లేదు, బల్బు ఖర్చు లేదు. పది గంటలు దాటాక నీడ రావాలి. రాకపోతే సగం మీద గోనె పట్టా కానీ షేడ్ నెట్ కానీ కట్టాలి. సగం అంటే సగమే. ఎండ కావాలో నీడ కావాలో తాబేలు తేల్చుకుంటుంది, మనం రెండూ ఇవ్వాలి. పైన జల్లెడ లాంటి ఇనుప మెష్ తప్పదు. ఎండ అందులోంచి దిగుతుంది, కాకి దిగదు. అలిపిరి, కపిలతీర్థం వైపు కాలనీల్లో మెష్ పైన బరువు పెడితే సరిపోదు, తీగతో కట్టాలి. కోతులకు ఇటుక తీయడం ఒక పనే కాదు.

ఫిల్టరు లేకుండా నడిచే తొట్టి ఇది. యాభై అరవై లీటర్లు పోసి వారానికి రెండుసార్లు పూర్తిగా మార్చాలి. అంటే వారానికి నూరు, నూటిరవై లీటర్లు. గాజు ట్యాంకులో ఫిల్టరుంటే వారానికి పావు వంతు, అరవై డెబ్బై లీటర్లు మారిస్తే సరిపోతుంది. నీళ్ల ట్యాంకరు కొనే ఇంట్లో ఈ తేడా లెక్కలోకొస్తుంది. కాకపోతే డ్రమ్ము నీళ్లు వృథా కావు, పూల కుండీలకు పోయండి, మల్లె చెట్టు దాన్ని ఎరువు లాగే తీసుకుంటుంది. కార్పొరేషన్ నీళ్లయితే క్లోరిన్ పోవడానికి ముందు రోజు రాత్రే బకెట్లలో పట్టి పెట్టుకోవాలి.

లోపం ఒకటుంది. పై నుంచి చూస్తే డిప్ప మాత్రమే కనబడుతుంది, పొట్ట, మెడ కింద కనబడవు. నీళ్లు మార్చే రోజు చేతిలోకి తీసుకుని తిప్పి చూడాలి. చూశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా తాబేళ్ల మీద ఉంటుంది. అమెరికాలో 1975లోనే నాలుగు అంగుళాల కంటే చిన్న తాబేళ్ల అమ్మకాన్ని ఆపేశారు, పిల్లలు నోట్లో పెట్టుకుని జబ్బు పడుతున్నారని. ఇంట్లో ఐదేళ్ల లోపు పసివాళ్లుంటే ఏ తొట్టి అనే చర్చ వద్దు, కొనడమే వాయిదా వేయండి. తొట్టి సామాన్లు వంటింటి సింకులో కడగకండి.

కడప బండల తొట్టి, సిమెంటు తొట్టి

సొంతిల్లు, ఇంటి వెనక కాస్త జాగా ఉన్నవాళ్లకు దీనికి మించింది లేదు. నాలుగు పక్కలా కడప బండలు నిలబెట్టి సందులు సిమెంటుతో పూడిస్తే చాలు, మేస్త్రీకి ఒక పూట పని. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు కట్టిస్తే వెయ్యి లీటర్లు పడుతుంది. పెరిగిన తాబేలుకు బతికినంత కాలం సరిపోతుంది. నేల మీద, చెట్టు నీడ సగం పడేలా ఉంటే మే నెలలో కూడా నీళ్లు తొందరగా వేడెక్కవు. నీళ్లు ఎక్కువైతే వేడెక్కడమూ నిదానమే, మురికవడమూ నిదానమే.

సిమెంటు కొత్తగా ఉన్నప్పుడు నీళ్లలోకి సున్నం దిగుతుంది, నీళ్లు ఘాటుగా మారతాయి, కళ్లూ చర్మమూ మండుతాయి. చేపల తొట్లకు చేసినట్టే అరటి బోదె ముక్కలు వేసి నానబెట్టి, నీళ్లు మార్చి మళ్లీ నింపి, రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి. కింద డ్రైన్ పైపు, దానికి వాల్వు ముందే పెట్టించుకోండి. లేకపోతే వెయ్యి లీటర్లు మగ్గుతో తోడాలి.

ఇక్కడ అసలు గండం ఎండ కాదు, వాన. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. పొంగు నీళ్లు పోవడానికి అంచుకు నాలుగు అంగుళాల కింద మెష్ బిగించిన కన్నం లేకపోతే, ఒక రాత్రి వానకు తొట్టి నిండి తాబేలు అంచు దాటి నడిచి వెళ్లిపోతుంది. 2021 నవంబరులో తిరుపతిలో కాలనీలే నీట మునిగాయి. పల్లంలో ఉన్న ఇల్లయితే నేల తొట్టి కట్టొద్దు. బయటపడ్డ స్లైడర్ చావదు, చక్కగా బతుకుతుంది, అదే సమస్య. ప్రపంచంలో స్థానిక జీవాలకు ఎక్కువ నష్టం చేసే వంద జాతుల జాబితాలో ఇది ఉంది. మన చెరువుల్లోని తాబేళ్ల తిండినీ, ఎండ కాచుకునే చోటునూ ఇది లాక్కుంటుంది. విసుగొచ్చిందని స్వర్ణముఖిలోనో, గుడి పుష్కరిణిలోనో వదలడం పుణ్యం కాదు. ఇంకో పెంపకందారుకు ఇవ్వండి.

ఒక్క అంగుళం పిల్లను నేరుగా వెయ్యి లీటర్లలో వేయడం మాత్రం నాకు నచ్చదు. తింటోందో లేదో తెలియదు, మూల ఎక్కడో ఉండిపోతుంది. అరచేయంత అయ్యాక మార్చండి.

మిద్దె మీద సిమెంటు తొట్టి సంగతి రెండు మాటల్లో: వద్దు. వెయ్యి లీటర్లంటే స్లాబు మీద టన్ను బరువు, కింద మరిగే కాంక్రీటు, పైన నిప్పులు చెరిగే ఎండ. మిద్దె మీది ట్యాంకు నుంచి మధ్యాహ్నం కొళాయి తిప్పితే వచ్చే నీళ్ల వేడి ఎంతో తిరుపతిలో ఎవరినడిగినా చెబుతారు.

ఎవరికి ఏది

అద్దె ఇంట్లో ఉండి తూర్పు బాల్కనీ ఉన్నవాళ్లు డ్రమ్ముతో మొదలుపెట్టండి. ఖర్చు తక్కువ, ఎండ ఉచితం, ఇల్లు మారితే తీసుకెళ్లొచ్చు. మొదటి రెండేళ్లకు సొంతింటి వాళ్లకైనా నా ఓటు దీనికే. ఆ తర్వాత జాగా ఉంటే బండల తొట్టి కట్టించుకోండి. ఎండ అసలు రాని ఫ్లాటులో ఉంటే గాజు ట్యాంకే గతి, కానీ ట్యూబు, ఫిల్టరు డబ్బులు కూడా లెక్క వేసుకున్నాకే దిగండి. ట్యాంకు ఇవాళ, మిగతావి జీతం వచ్చాక అనుకుంటే మధ్యలో నలిగేది ఆ పిల్లే. కరెంటు తరచూ పోయే చోట ఫిల్టరు ఆగినప్పుడల్లా నీళ్లు పాడవుతాయని కూడా గుర్తు పెట్టుకోండి.

జాగా లేదు, ఎండ లేదు, ఖర్చు పెట్టే ఉద్దేశం లేదు అనుకుంటే చేపలు పెంచుకోండి. గప్పీలకు యూవీబీ అక్కర్లేదు.

పిల్లను కొనడానికి ముందే, తొట్టి పెట్టాలనుకున్న చోట అదే తొట్టిని నీళ్లు పోసి వారం రోజులు ఉంచండి. అక్వేరియం షాపులో చిన్న థర్మామీటరు దొరుకుతుంది, దాన్ని నీళ్లలో వేయండి. పొద్దున ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూసి గోడ మీద క్యాలెండరులో రాసుకోండి. మధ్యాహ్నం అంకె 32 దాటుతుంటే నీడ పెంచండి, లేదా చోటు మార్చండి. తెల్లవారుజామున 22 కంటే తగ్గుతుంటే చలికాలానికి చిన్న హీటరు, దానికి తాబేలు పగలగొట్టకుండా ప్లాస్టిక్ తొడుగు తీసుకోండి. ఎండాకాలంలో కొంటున్నట్టయితే ఈ పరీక్ష చలికాలంలో మళ్లీ ఒకసారి చేయాలి.